వేరే నూలు

వల్లియమ్మాళ్ గురించి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. మొగుణ్ణి ఉప్పు డబ్బా అందించమని అడిగితే మూడిళ్ళ అవతలివాళ్ళు కూడా తమ కూరలో ఉప్పు చూసుకునేవాళ్ళు. రాజపాళయంలో నూలు మిల్లుకు వెళ్ళేవాళ్ళందరిదీ అదే వరస. రోజంతా నూలు వడికే రింగు ఫ్రేముల హోరులో నిలబడి, పక్కమనిషి పెదాలు చూసి మాట పట్టుకునే బతుకులో నెమ్మదిగా మాట్లాడటం ఎవరు నేర్చుకుంటారు? కొత్త చుట్టాలు వస్తే ఆ ఇంట్లో తగాదా జరుగుతోందనుకొని గుమ్మంలోనే ఆగిపోయేవాళ్ళు. లోపల చూస్తే మొగుడూ పెళ్ళాలు దోశలోకి ఏ చట్నీ చేయాలా అని మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు.

ఆమె పుట్టింది మంసాపురంలో, తెలుగు నాయకర్ల ఇంట. వాళ్ళకు పొలం ఉంది, అందులోకి నీళ్ళు లేవు. మగపిల్లలు బడికి వెళ్ళారు, ఆడపిల్ల మేకల వెనక వెళ్ళింది. మేకలు అమ్ముడుపోయాక మిల్లు వ్యాను వచ్చి ఊళ్ళోని ఆడపిల్లల్ని ఎక్కించుకుపోతుంటే వాళ్ళతో పాటు ఎక్కింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. రెండూ గలగలా మాట్లాడుతుంది, ఒక్కదానిలోనూ అక్షరం ముక్క రాదు. తెలుగు అక్షరం మాటకొస్తే ఆ ఊళ్ళో బాగా చదువుకున్న తెలుగువాళ్ళకే రాదు కాబట్టి అందులో ఆమెకు చిన్నతనమేమీ లేదు. తమిళ అక్షరం రానందుకు మాత్రం బస్సు బోర్డు చదవమని పక్కవాళ్ళను అడిగిన ప్రతిసారీ ముఖం ముడుచుకునేది.

మిల్లంటే ఆమెకు పగేమీ లేదు. అన్నం పెట్టింది, పెళ్ళి చేసుకునే ధైర్యం ఇచ్చింది. కానీ ముక్కులో పంజు, ఊపిరిలో పంజు, ఆఖరికి దువ్వెనలో కూడా ఆ దూది నూగే. తెగిన పోగు అతికీ అతికీ వేలికొనల్లో స్పర్శ పోయింది. జనని పుట్టినప్పుడు ఆ బిడ్డ చెంప నున్నగా ఉందని కళ్ళతో చూసి తెలుసుకుందే తప్ప వేళ్ళకు తెలియలేదు. ఆ రోజే ఒక పంతం పట్టింది. తన కూతురు ఆ గేటు లోపల అడుగు పెట్టకూడదు. దేవుణ్ణి ఆమె ఇంకేదీ పెద్దగా అడిగిన దాఖలా లేదు.

జనని ఆ ఇంట్లో పుట్టవలసిన పిల్లలా ఉండేది కాదు. మాట మెత్తగా వచ్చేది. ఆ పిల్ల ఏదడిగినా తల్లిదండ్రులు రెండుసార్లు అడిగి చెప్పించుకోవలసి వచ్చేది. ఇక చదువు పిచ్చి. వడలు చుట్టి తెచ్చిన కాగితం కనపడితే వడ పక్కన పెట్టి నూనె మరకల మధ్య అక్షరాలు చదివేది. తమిళంలో చదివి, పొయ్యి దగ్గర కూర్చున్న తల్లికి తెలుగులో చెప్పేది. కాగితం సగంలో చిరిగిపోయి ఉంటుంది కదా, కథ మాత్రం ఎప్పుడూ సగంలో ఆగేది కాదు. మిగతాది ఆ పిల్ల సొంతంగా అల్లి చెప్పేది. అదంతా అచ్చులో ఉందనే వల్లియమ్మాళ్ నమ్మకం. షిఫ్టులో తోటి ఆడవాళ్ళకు అదే కథ పెదాలతో, చేతులతో చెప్పేది. ఏడవాల్సిన చోట ఏడిచేది కూడా.

"తమిళ్‌లో బి.ఏ. చదువుతానమ్మా" అంది జనని, ప్లస్ టూ పరీక్షలు దగ్గర పడుతుండగా.

తండ్రి కుమారసామి షేర్ ఆటో నడుపుతాడు. పాత బస్టాండు నుంచి సత్రపట్టికి, అక్కణ్ణించి మళ్ళీ పాత బస్టాండుకు. చెడ్డవాడు కాదు. పిరికివాడు. లోకంలో ఏది కొత్తగా చేసినా అది తన ఇంటి మీదే విరుచుకుపడుతుందని అతని భయం.

"తమిళ్ చదివి ఏమి అయ్యేది?" అన్నాడు. "బజార్‌లో తమిళ్ మాట్లాడనోడు ఎవడు? కాయలు అమ్మేవాడు కూడా మాట్లాడుతాడు. వాడికి డిగ్రీ ఎవరిచ్చినారు?"

"మాట్లాడేది వేరే, చదివేది వేరే అయ్యా" అంది వల్లియమ్మాళ్. ఏది వేరో ఆమెకూ తెలియదు. కానీ కూతురు పక్కన నిలబడాలి కదా.

నెల రోజులు ఇల్లు అట్టుడికింది. ఆఖరికి వల్లియమ్మాళే ఒక దారి చెప్పింది. "సుదర్శన టీచర్‌ను మించినోళ్ళు మనకు లేరు. ఆమె ఏమి చెబితే అదే. ఆమె జననికి చదువు దా, చదువే అంటే నువ్వు నోరు ఎత్తకూడదు. లేదంటే నేను ఎత్తను."

కుమారసామి ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? సుదర్శన టీచర్ నోటి మహిమ అతనికీ తెలుసు.

ఆమె రాజుల ఇంటి ఆడపడుచు, బడిలో తమిళ పంతులమ్మ. ఇంట్లో తెలుగు, మైకు ముందు చెన్నైవాళ్ళు కూడా నోరు తెరిచేంత తమిళం. ప్లస్ టూ పిల్లలు పరీక్షలు రాసేశాక, వీడ్కోలు సభ రోజున, ఒక్కొక్కరినీ పేరు పెట్టి లేపి ఇక ముందు వాళ్ళేమవుతారో చెప్పడం ఆమె ఏటా చేసే పని. జోస్యం కాదనేది, చూసిన కళ్ళు చెబుతున్నాయనేది. జోస్యం కాదంటే ఎవరు నమ్ముతారు? ఆమె పోలీసు అవుతావన్న కుర్రాడు నిజంగానే పోలీసై కుమారసామి ఆటో ఆపి లైసెన్సు అడిగాడు. అప్పట్నుంచి ఆమె మాటంటే అతనికి హడలు. ఆ ఏడాది ఆమెకు రిటైర్మెంటు కూడా. అంటే జనని వాళ్ళదే ఆమె చెప్పబోయే ఆఖరి క్లాసు.

సభ రేపనగా జననికి గవదలు వాచాయి. రెండు పక్కలా దవడలు ఉబ్బి ముఖం చదరమైంది. అక్కడి అలవాటు ప్రకారం మెడలో బంగారం వేస్తే ఆ వాపు దిగుతుంది. వల్లియమ్మాళ్ తన సన్న గొలుసు తీసి కూతురి మెడలో వేసి, పసుపు పూసింది. అద్దంలో చూసుకున్న జనని దుప్పటి ముసుగేసుకొని పడుకుంది.

"నువ్వు పోయి రా అమ్మా" అంది ముసుగులోంచే. "టీచర్ నన్ను ఏమని చెబుతారో విని రా. ఒక మాట కూడా విడవకుండా విని రా."

వల్లియమ్మాళ్ షిఫ్టుకు సెలవు పెట్టి, పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకొని వెళ్ళింది. బడి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తల్లిదండ్రుల వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. చేతిలో కేసరి ప్లేటు పెట్టారు, తినబుద్ధి కాలేదు.

సుదర్శన టీచర్ మైకు పట్టుకుంటే అది గరగరమంది. మహేంద్రన్ అనే పిల్లవాడు పరుగెత్తుకొచ్చి తీగ ఏదో కదిపితే బాగైంది. "ముందు వీడి సంగతే చెబుతాను, ఈ ఊళ్ళో ఇక వీడు లేకుండా మోటారు తిరగదు" అందామె. అందరూ నవ్వారు. హరిహరన్ మూడేళ్ళుగా ఆలస్యంగా వచ్చి, రోజుకొక కారణం చెప్పిన ఘనుడు. వీడు లాయరు కాకపోతే ఇంకెవరవుతారు అందామె. సత్యను లేపి, క్లాసులో ఎవరికి దెబ్బ తగిలినా మొదట పరుగెత్తిన పిల్ల, నర్సు అవుతుంది అంది. సత్య తల్లి కళ్ళు ఒత్తుకుంది. వల్లియమ్మాళ్‌కు కలెక్టరని చెప్పనక్కర్లేదు, డాక్టరని చెప్పనక్కర్లేదు. చదువుతుంది అని ఒక్క మాట వస్తే చాలు. ఆ మాటను కొంగులో ముడేసుకొని ఇంటికి పోతుంది.

"జనని" అంది టీచర్. రాలేదని పిల్లలు చెప్పారు. టీచర్ చూపు వెనక వరసలో వెతికి వల్లియమ్మాళ్ మీద ఆగింది. ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"జననికి ఎదిర్‌కాలం నూల్‌తాన్" అంది. జనని ముందు కాలమంతా నూలేనంది. "తాయుం నూల్, మగళుం నూల్. ఆనా అదు వేర నూల్."

తల్లీ నూలే, కూతురూ నూలే, కానీ అది వేరే నూలు. హాలు చప్పట్లతో మోగిపోయింది.

ఇక్కడ కాస్త ఆగాలి. తమిళంలో నూల్ అంటే దారం. పుస్తకాన్ని కూడా నూల్ అనే అంటారు, కానీ బజారులో కాదు. బడిలో, సభల్లో, పెద్ద మాటలు మాట్లాడే చోట. బజారులో పుత్తగం అంటారు, వల్లియమ్మాళ్‌కు తెలిసింది అదొక్కటే. లైబ్రరీని నూలగం అంటారు. ఆమె ఎక్కే టౌను బస్సులో కండక్టరు నూలగం అని కేకేసి ఒక స్టాపు దగ్గర మనుషుల్ని దింపుతుంటే, అదేదో నూలు గోడౌను అనుకునేది. దానికి ఎప్పుడూ షట్టరు సగం దించే ఉంటుంది, ఆ అనుమానం తీరే అవకాశమే రాలేదు. ఇరవై ఏళ్ళకు పైగా పొద్దున లేస్తే నూలు, పడుకుంటే నూలు అయిన మనిషికి, నూలుతోనే నిలబడిన ఊళ్ళో, ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఎవరు చెప్పాలి? టీచర్ ఆ రోజు అందంగా మాట్లాడదామనుకుంది. తల్లికీ కూతురికీ ఒకే మాటలో గౌరవం ఇద్దామనుకుంది. ఆ అందం తగలబడ.

వేరే నూలంటే వల్లియమ్మాళ్‌కు తెలుసు. తను ఆడించేది నలభై నంబరు. కూతురికి అరవయ్యో, ఎనభయ్యో వస్తుంది. నంబరు పెరిగితే నూలు సన్నబడుతుంది. అంతే కదా తేడా.

చుట్టూ చప్పట్లు ఆగలేదు. మిల్లు పిల్ల మిల్లుకే పోతుందని చెబితే ఇంత సంబరమా అనిపించింది. సత్య తల్లి ఆమె భుజం తట్టింది కూడా. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వల్లియమ్మాళ్ కేసరి నోట్లో పెట్టుకుంది.

సభ అయ్యాక టీచర్ తనే వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "సంతోషమా అమ్మా?" అని తెలుగులో అడిగింది. "జననితో చెప్పండి. నేను చెప్పినట్లే చెప్పండి, ఏమి?"

వల్లియమ్మాళ్ తల ఊపింది.

ఇంటి ముందు కుమారసామి ఆటో తుడుస్తున్నాడు. "ఏమి చెప్పినారు?" అన్నాడు.

"మిల్లు దా అని చెప్పినారు" అంది, ఎన్నడూ లేనిది గొంతు తగ్గించి.

ఆమె చేసిన తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది. విన్న మాటను ఇంటికి తేలేదు. తనకు అర్థమైనది తెచ్చింది. నూల్ అన్న మాటను ఉన్నదున్నట్టు తెచ్చి గుమ్మంలో పడేసి ఉంటే, లోపల దుప్పటి కింద ఉన్న పిల్ల ఎగిరి గంతేసేది.

కుమారసామి గెలిచినవాడిలా ఏమీ కనిపించలేదు. అతను కూడా ఎక్కడో ఆశ పెట్టుకొని ఉన్నాడేమో, గుడ్డను బకెట్‌లో ముంచి చాలాసేపు పిండాడు. "టీచరే చెప్పినాక మనది ఏముంది" అన్నాడు. కూతురి ముందు మాత్రం ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

లోపల జనని లేచి కూర్చుంది. వాచిన ముఖంలో కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. "నన్ను ఏమని చెప్పినారమ్మా?"

ఆ పిల్లతో, నువ్వు నాలాగే మిల్లుకు పోతావని టీచర్ నలుగురిలో చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు అని ఎలా చెప్పేది? గొలుసు సరిచేస్తున్నట్టు కూతురి మెడ మీద చెయ్యి పెట్టింది.

"రానోళ్ళ పేరు ఎత్తలేదు పాపా" అంది.

"నా పేరే రాలేదా?"

"రాలేదు."

జనని మళ్ళీ పడుకొని దుప్పటి కప్పుకుంది. మర్నాడు పొద్దున సత్య పరుగెత్తుకుంటూ వచ్చింది. జనని ఏదీ, ఒక మాట చెప్పాలి అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసేసరికి వల్లియమ్మాళ్‌కు ఒళ్ళు మండింది. నర్సవుతానన్న గర్వంతో తన బిడ్డను ఎగతాళి చేయడానికి వచ్చిందనుకుంది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, "అంటుకొనే వాపు, లోపలికి రాకూడదు" అని అక్కణ్ణించే పంపేసింది. ఆ వారంలోనే సత్య కోయంబత్తూరులోని మేనమామ ఇంటికి, అక్కణ్ణించి నర్సింగుకు వెళ్ళిపోయింది. జనని చేతిలో ఫోను లేదు, మిగతావాళ్ళేమో టీచర్ మాట తల్లే చెప్పి ఉంటుందనుకున్నారు. టీచర్ రిటైరై బెంగళూరులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళింది. అన్ని దారులూ మూసుకుపోయాయి, ఒక దారిని మాత్రం తల్లే స్వయంగా మూసింది.

రిజల్టు వచ్చింది. తమిళంలో స్కూలు ఫస్టు. కాలేజీ అప్లికేషన్లు ఇచ్చే రోజులు వచ్చాయి, పోయాయి. వల్లియమ్మాళ్ ఎదురు చూసింది. కూతురు ఒక్కసారి ఏడ్చినా, ఒక్క పూట అన్నం మానేసినా, టీచర్ మాట గాలికి వదిలేసి మొగుడితో మళ్ళీ పోట్లాటకు దిగేది. జనని ఏడవలేదు. టీచర్‌కే కనపడనిది తనలో ఏముంటుందని ఆ పిల్ల అనుకుంది. ఎప్పుడూ బోర్డు పక్కన నిలబెట్టి పద్యం చదివించిన టీచర్ ఆఖరి రోజున తన పేరే మరచిపోయింది. అంతకంటే రుజువేం కావాలి?

"నీ మిల్లులో పనికి ఆళ్ళను ఎత్తుతున్నారంటనే" అంది ఒక రోజు, తల వంచుకొని కాలిగోరు గీరుకుంటూ. "నేను వస్తాను."

కోన్ వైండింగ్‌లో, నూలును కోన్లకు చుట్టే చోట పెట్టారు. మొదటిరోజు తల్లీ కూతుళ్ళు ఒకే వ్యానులో వెళ్ళారు. ఎన్నో ఏళ్ళుగా తనకు అన్నం పెట్టిన గేటును వల్లియమ్మాళ్ ఆ రోజు చూడలేక తల పక్కకు తిప్పుకుంది.

ఆరేళ్ళు గడిచాయి. మధ్యలో లాక్‌డౌన్ వచ్చి మిల్లు మూతపడి అందరూ ఇంట్లోనే ఉన్నారు. జనని ఆ రోజుల్లో నిద్రపోయింది, గోడ చూస్తూ కూర్చుంది, బియ్యంలో రాళ్ళు ఏరింది. పుస్తకం మాత్రం ముట్టలేదు. వడలు చుట్టిన కాగితాన్ని చదవకుండానే ఉండ చుట్టి పారేసేది. ఒక సాయంత్రం నీళ్ళు ఇమ్మని అరిచింది. ఎదురింటివాళ్ళు తొంగి చూసేంత గట్టిగా అరిచింది. మెత్తని ఆ గొంతు ఎప్పుడు పోయిందో వల్లియమ్మాళ్ గమనించలేదు. నీళ్ళు ఇచ్చి, పొయ్యి దగ్గరికి వెళ్ళి పొగ వంకతో ఏడ్చింది.

తర్వాత వల్లియమ్మాళ్‌కు ఆయాసం ఎక్కువై మిల్లు మానేసింది. సత్రపట్టిలో ఆసుపత్రులకు పంపే కట్టుగుడ్డ మడతపెట్టే పనికి చేరింది. రోజూ మొగుడి ఆటోలోనే పోయేది. అతను ఆమెను వెనక మూలకు కూర్చోబెట్టి మిగతా చోటంతా మనుషుల్ని ఎక్కించేవాడు.

ఒక రోజు పాత బస్టాండు దగ్గర నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టి ఆటో ఎక్కింది. చుట్టాల పెళ్ళికి వచ్చినట్టుంది, పట్టుచీర కట్టుకుంది. సర్దుకొని కూర్చొని పక్కకు చూసి, కళ్ళజోడు పైకి తోసుకుంది.

"మీరు జనని వాళ్ళమ్మ కదా?"

వల్లియమ్మాళ్ గుర్తుపట్టింది. దండం పెట్టింది కానీ ముఖంలో నవ్వు రాలేదు. సుదర్శన టీచర్ అదేమీ చూసుకోలేదు, ఉత్సాహంలో ఉంది.

"జనని ఎట్ల ఉంది? నేను దాన్ని తలవని రోజు లేదు. ఏమి చేస్తూ ఉంది?"

"మీరు చెప్పినట్లే దా టీచర్" అంది వల్లియమ్మాళ్. ఆరేళ్ళుగా గొంతులో ఉన్నది బయటికి వచ్చింది. "నూల్లో దా ఉంది."

"నిజమేనా?" టీచర్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "నాకు తెలుసు. నేను ఆ రోజే చెప్తిని. ఇంతవరకు ఎన్ని వచ్చినాయి?"

"ఎన్ని అని ఏమి చెప్పేది టీచర్? మెషిన్ బాగా ఉంటే ఎక్కువ వస్తాయి, నూల్ తెగితే తగ్గుతాయి. అరవై నంబర్ కదా, సన్నది, ఊరికే తెగుతుంది."

టీచర్ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళలోంచి మాత్రం మెల్లగా పోయింది. "ఏ మెషిన్?" అంది.

"కోన్ వైండింగ్. నా మిల్లులోనే. నూల్ దా దానికి ఎదిర్‌కాలం అని చెప్పినారు కదా మీరు. తల్లీ నూల్, కూతురూ నూల్ అని. పదిమందిలో నవ్వుతా చెప్పినారు. నేను దానికి చెప్పలేదు టీచర్. మీరు చెప్పమంటిరి, నాకు మనసు రాలేదు. నీ పేరే ఎత్తలేదని చెప్పినాను."

సుదర్శన టీచర్ చాలా మెల్లగా, చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పింది.

"నూల్ అంటే పుస్తకం అమ్మా. నేను చెప్పింది పుస్తకం. మీరు వడికేది ఒక నూల్, జనని రాసేది ఒక నూల్. అది పుస్తకాలు రాస్తుంది, దాని పేరు అచ్చులో వస్తుంది అని చెప్తిని. నా సర్వీసులో అట్లాటి పిల్లను నేను చూడలేదు. దానికే అందరూ చప్పట్లు కొట్టినారు."

వల్లియమ్మాళ్‌కు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది. సత్య తల్లి భుజం ఎందుకు తట్టిందో, సత్య ఎందుకు నవ్వుతూ పరుగెత్తుకొచ్చిందో అర్థమైంది. ముందు సీట్లో కుమారసామి ఆటోను రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. అతను హ్యాండిల్ మీద తల వాల్చుకున్నాడు.

"నాతో తెలుగులో ఒక మాట చెప్పి ఉండకూడదా టీచర్" అంది వల్లియమ్మాళ్. అందులో కోపం లేదు. అడుక్కుంటున్నట్టుగా ఉంది.

టీచర్ ఏడ్చేసింది. "చెప్పి ఉండాలి. మైకు కనపడితే నాకు కన్ను కనపడదు. నా మాటల అలంకారం నన్ను చెడిపింది, మీ బిడ్డను చెడిపింది." శనివారం దాకా ఊళ్ళోనే ఉంటానని, జననిని తప్పక తీసుకురమ్మని, ఉద్యోగం చేస్తూనే పోస్టులో డిగ్రీ చదవవచ్చని, అదంతా తను చూసుకుంటానని దిగేముందు పదే పదే చెప్పింది.

వల్లియమ్మాళ్ ఆ రోజు గుడ్డ మడతపెట్టడానికి వెళ్ళలేదు. కుమారసామి మిగతావాళ్ళను దించేసి, ఆమెను మిల్లు గేటుకు తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం షిఫ్టు విడిచే వేళ. అతను ఆటో దిగలేదు. కూతురి ముఖం చూసే ధైర్యం లేదు, ఆ పని కూడా పెళ్ళానికే వదిలేశాడు.

జనని బయటికి వచ్చింది, జుట్టు నిండా నూగు. తల్లిని చూసి కంగారు పడింది. "ఏమమ్మా, అయ్యకు ఏమన్నా అయ్యిందా?" అని అరిచింది.

"ఏమీ లేదు. ఇట్ల రా." గోడ నీడలోకి తీసుకెళ్ళింది. ఎలా మొదలుపెట్టాలో ఆటోలో అనుకున్నదంతా మరచిపోయింది. "ఆ రోజు టీచర్ నీ పేరు చెప్పినారు పాపా. నేను అబద్ధం చెప్తిని."

జనని అన్నం డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నాకు అర్థం కాలేదు. తప్పుగా వింటిని." టీచర్ అన్న మాట ఒక్క అక్షరం పోకుండా ఆమెకు గుర్తుంది. ఆరేళ్ళుగా కుళ్ళబొడిచిన మాట ఎక్కడికి పోతుంది? "తాయుం నూల్, మగళుం నూల్. ఆనా అదు వేర నూల్" అంది.

ఇంకేమీ వివరించనక్కర్లేకపోయింది. జనని స్కూలు ఫస్టు పిల్ల. మాట చెవిన పడేలోపే దాని అర్థం కళ్ళలోకి వచ్చేసింది. గోడకు చెయ్యి ఆనించింది.

"టీచర్ నన్ను మరచిపోలేదా?" అంది. చాలా మెల్లగా అంది. ఆ గొంతు ఎక్కడికీ పోలేదు, లోపల ఎక్కడో ఉండే ఉంది.

"మరచిపోలేదు. నిన్ను చూడాలంటున్నారు. ఇప్పుడు కూడా చదవవచ్చంట, పనికి పోతానే. శనివారంలోపల పోదాం."

జనని తల అడ్డంగా ఊపింది. "నేను రానమ్మా. షిఫ్ట్ ఉందని చెప్పు."

"ఏంటికి పాపా? తప్పంతా నాది. నీది ఏముంది?"

"తప్పు ఎవరిదని నేను అడగలేదు." జనని చున్నీతో ముఖం తుడుచుకుంది, నూగు చెంపలకు అంటుకుంది. "నాలో ఏమీ లేదు, అది టీచర్‌కే తెలిసిపోయింది అనుకొంటిని. అందుకనే మిల్లు నాకు కష్టంగా లేదు. ఏమీ లేనిదానికి మిల్లయితే ఏమి, ఇంకొకటయితే ఏమి. నిమ్మతిగా, ఏ దిగులూ లేకుండా ఉంటిని అమ్మా. ఇప్పుడు వచ్చి, ఉండింది అని చెప్తావు. పుస్తకం తీస్తే రెండో లైన్‌లోనే నాకు మెషిన్ సద్దం వస్తుంది. రేపు మిల్లుకు నేను ఎట్ల పోయేది, చెప్పు."

వల్లియమ్మాళ్ కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు తన వేళ్ళలాగే కాయలు కాచి ఉన్నాయి. ఇద్దరూ ఆటో ఎక్కారు. కుమారసామి వెనక్కి తిరగకుండా ఇంటిదాకా నడిపాడు.

మర్నాడు తెల్లవారగానే మిల్లు సైరన్ కూసింది. జనని జడ వేసుకొని, తల్లి కట్టిచ్చిన అన్నం డబ్బా తీసుకొని బయలుదేరింది. వాకిలి దాటి మళ్ళీ లోపలికి వచ్చింది. ఏదో మరచిపోయిందనుకొని వల్లియమ్మాళ్ ఇల్లంతా చూసింది. మరచిపోయిందేమీ లేదు. తలుపు వెనక కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకొని వెళ్ళింది. ఈ ఆరేళ్ళలో ఆ పిల్ల మిల్లుకు ఏడుస్తూ వెళ్ళడం అదే మొదలు.